తెరమీద ఒర్తాన్స్ అన్న మాట

ఒర్తాన్స్ పెల్తియే అంత్యక్రియలకు వచ్చింది తొమ్మిదిమందే. వాళ్లలో ఆరుగురు చెవిటివాళ్లు. పాదిరీగారి మాట వాళ్లకు వినపడలేదు గాని, చివరిదాకా ఆయన పెదవుల మీంచి చూపు తిప్పలేదు. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి, ఒకప్పుడు బెల్విల్ పేట గోడల మీద సినిమా నటిగా ఆమె బొమ్మ మనిషెత్తున ఉండేదని కూడా తెలియదు. తెరకు మాట వచ్చాక ఆమెకు పని పోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు అక్కడే ఓ సినిమా హాలు గుమ్మంలో నిలబడి టికెట్లు చింపింది.

ఎవరైనా గుర్తుపట్టి మెచ్చుకుంటే మాట మార్చేసేది. వినయం అనుకునేవాళ్లు. వినయం కాదు, సిగ్గు.

అది 1911లో మొదలైంది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. తల్లి పోయాక అక్క జూస్తిన్ ఆమెను సాకింది. టోపీలకు గుడ్డపూలు చుట్టి, ఆ రంగులతో వేళ్లు పుండ్లు పడుతున్నా సాకింది. జూస్తిన్‌కు నాలుగో ఏట జ్వరం తగిలి చెవులు పోయాయి. బళ్లో సైగ చేస్తే వేళ్ల మీద బెత్తం పడేది. పెదవులు చూసి మాట పట్టమని నేర్పారు. అందుకే ఇంట్లో ఎప్పుడూ సైగ చేసేది కాదు. గొంతుతోనే మాట్లాడేది. ఆ గొంతు ఒక్కోసారి పాతాళంలోకి దిగిపోయేది, ఒక్కోసారి ఉన్నట్టుండి మేడెక్కేది. మెట్ల మీద పిల్లలు వెక్కిరించేవాళ్లు.

ఒర్తాన్స్ పని చేసేది వెన్సెన్ అడవి పక్కన, మూగ సినిమాలు తీసే అద్దాల కొట్టంలో. అక్కడి నటులకు ఒక అలవాటుండేది. కెమెరా పిడి తిరుగుతున్నంతసేపూ పెదవులు ఆడితే చాలు, ఏమన్నా అడిగే దిక్కులేదు. రాణి వేషం వేసినావిడ సింహాసనం మీంచి చేపల బేరం చేసేది. ఎదుటివాణ్ణి నవ్వించడం పందెం. నవ్వినవాడు మధ్యాహ్నం అందరికీ వైన్ పోయించాలి. ఈ ఆటలో ఒర్తాన్స్‌ను మించినవాళ్లు లేరు. కన్నీళ్లు ధారగా కారుస్తూ పెదవులతో చమత్కారాలు విసిరేది.

ఆ రోజు బిడ్డ చావు దృశ్యం. డాక్టరు వేషంలో ఫెర్నాన్ మంచం పక్కన నిలబడ్డాడు. మూడు రోజులుగా ఎవరూ అతన్ని నవ్వించలేకపోయారు.

“ఏడు ఒర్తాన్స్, ఏడు! పిల్ల దక్కలేదు!” అని దర్శకుడు గోద్రీ అరిచాడు.

ఒర్తాన్స్ మోకాళ్ల మీద కూలబడి, చేతులు చాచి, వెక్కుతూ అంది: “డాక్టరుగారూ, ఈ పిల్లనొదిలేసి మా ఇంటికి రండి. అక్కడో చెవిటి టర్కీ కోడి ఉంది. పొద్దస్తమానం గుర్రు గుర్రుమని ఒకటే గోల. దాని గొంతు విని నా పెళ్లికొడుకు మెట్ల మీంచే పారిపోయాడు. దానికేదైనా మందిచ్చి సాగనంపండి, మీకు పుణ్యముంటుంది.”

ఫెర్నాన్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. “బ్రహ్మాండం! డాక్టరు కూడా ఏడుస్తున్నాడు!” అన్నాడు గోద్రీ. మధ్యాహ్నం వైన్ ఫెర్నాన్ పోయించాడు.

ఆ సినిమా బెల్విల్‌కు వచ్చిన ఆదివారం అక్కను దగ్గరుండి తీసుకెళ్లింది. జూస్తిన్‌కు సినిమా అంటే ప్రాణం. “ఇక్కడ అందరూ నాలాంటివాళ్లే, ఎవరికీ ఏమీ వినపడదు,” అని నవ్వేది. చావు దృశ్యం వచ్చింది. హాలంతా ముక్కులు ఎగబీలుస్తోంది. తన గొప్పతనం అక్క ముఖంలో చూసుకుందామని ఒర్తాన్స్ పక్కకు తిరిగింది.

తెరమీద పెదవులతోపాటు జూస్తిన్ పెదవులు కూడా సన్నగా కదులుతున్నాయి. మాట పట్టేటప్పుడు ఆమెకది అలవాటు. కదిలి కదిలి ఆగిపోయాయి.

అప్పటిగ్గాని తను ఏమన్నదో ఒర్తాన్స్‌కు గుర్తురాలేదు. జూస్తిన్ చివరిదాకా కూర్చుంది. ఇంటికొచ్చి సూప్ వేడిచేసింది. “ఏడుపు బాగుంది,” అంది. అంతే.

ఆ తర్వాత కెమెరా ముందు ఒర్తాన్స్ ఒక్క అడ్డమైన మాట అనలేదు. తల్లి వేషమైతే తల్లి అనే మాటే అనేది. “ఏమ్మా, మఠంలో చేరావా? నీతో పని చేస్తే నిద్రొస్తోంది,” అని ఫెర్నాన్ దెప్పాడు. ఒర్తాన్స్ అక్కతో మాత్రం ఆ సంగతి ఎత్తలేదు. చదివిందో లేదో? చదవకపోయి ఉంటే తానే చెప్పి పుండు చేసినట్టవుతుంది. ఇలా అనుకుంటూనే పదేళ్లు గడిపింది. మధ్యలో యుద్ధం వచ్చి పోయింది.

ఏటా నవంబరులో చెవిటివాళ్ల సంఘం విందు చేసుకునేది. 1921లో ఆ విందుకు ఒర్తాన్స్‌ను పిలిచారు. పెదవులతో తమను మోసం చెయ్యని నటి ఆమె ఒక్కతేనట. అందుకు పతకం. గొర్రెతొడ మాంసం, చిక్కుడు గింజలు వడ్డించాక అధ్యక్షుడు దాన్ని ఆమె గౌనుకు పిన్నుతో పెట్టాడు. నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మాటలను సైగల్లో అందించడానికి, ఆ సంఘంలో మసలే జూస్తిన్ పక్కన నిలబడింది.

అక్క చదవడానికి వీలుగా ఒర్తాన్స్ పక్కకు తిరిగింది. హాలుకు ఆమె టోపీ అంచే కనిపించింది, పెదవులు కాదు. పతకం బరువుకో ఏమో, పదేళ్లుగా మింగుతున్నది బయటికొచ్చింది.

“ఇది నాకు తగదు. మా అక్కను తెరమీద టర్కీ కోడి అన్నాను. ఆవిడ చచ్చిపోతే బాగుండునన్నాను. నవ్వించడానికి అన్నాను. నన్ను క్షమించమనండి.”

జూస్తిన్ ఆ పెదవులనే చూసింది. తర్వాత హాలువైపు తిరిగి చేతులు ఎత్తింది. ఇంట్లో ఎన్నడూ ఎత్తని చేతులు. నిదానంగా, అందంగా ఏదో చెప్పాయి. హాలంతా లేచి నిలబడి చేతిగుడ్డలు ఊపింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఒర్తాన్స్‌కు ఒక్క సైగ కూడా అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు ఒక గదిలో బతికి, అక్క భాషలో ఒక్క ముక్క నేర్చుకోలేదు.

వీధి దీపం కిందికి రాగానే అక్కను ఆపింది. “ఏం చెప్పావక్కా వాళ్లకి?”

“విందు బాగుందన్నావని చెప్పాను.”

“నేనన్నది అది కాదు గదా!”

“నువ్వన్నది నాకు తెలుసు. మూడుసార్లు చూశాను.”

“మూడుసార్లా? ఎందుకే?”

“మొదటిసారి తప్పు చదివానేమో అనుకున్నా. అందుకని మళ్లీ వెళ్లా. మూడోసారి... ఏడుపు నిజంగానే బాగుందే.” ఆమె గొంతు ఉన్నట్టుండి పైకి లేచింది. దారిన పోయేవాళ్లు వెనక్కి చూశారు. “మావాళ్లెవర్నీ ఆ వారం హాలుకి పోనివ్వలా. దండగ సినిమా అని చెప్పా.”

“పదేళ్లు ఒక్క మాట అనలేదేం? అడిగితే కాళ్ల మీద పడేదాన్ని గదా. ఇవాళైనా చెప్పనివ్వొచ్చు గదా!”

“చెప్పి నువ్వు తేలికపడతావ్. రేపట్నుంచి వాళ్ల మధ్య టర్కీ కోడిగా బతకాల్సింది ఎవరు? నేను. నీకు సిగ్గుగా ఉంటే నీ దగ్గరే ఉంచుకో. నా వీపుకెక్కించకు.”

ఒర్తాన్స్ పతకం పిన్ను విప్పబోయింది. జూస్తిన్ ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

“ఉంచు. మావాళ్లు చందాలేసుకుని చేయించారు.”

ఆ చలికాలం నుంచి ఒర్తాన్స్ సైగలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అక్క దగ్గర కాదు. అక్క నేర్పనంది. గురువారం గురువారం సంఘానికి వెళ్లి, చెవిటి పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకుంది. వేళ్లు మొండివి, తప్పులు పోయేవి. పిల్లలు ఆమె సైగలను వెక్కిరించి పడీపడీ నవ్వేవాళ్లు. తల వంచుకుని, మళ్లీ మొదట్నుంచి చేసేది.