వెనక్కి నడిచిన ఫ్రెంచి గాడిద

ఆ రోజుల్లో న్యూజెర్సీలో తెలుగువాళ్ళు ఎంత తక్కువంటే, సూపర్ మార్కెట్లో చీరకట్టు కనబడితే తోపుడు బండి అక్కడే వదిలేసి పలకరించడానికి పరిగెత్తేవాళ్ళం. ఆ కొద్దిమందిలోనూ ఫ్రెంచి అనర్గళంగా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. (అనర్గళంగా అంటే ఒకటి నుంచి పది దాకా. ఏడు దగ్గర కాస్త తడబడేవాణ్ణి. అది కనిపెట్టగల తెలుగువాడు చుట్టుపక్కల లేడు కనుక నా పాండిత్యానికి ఎదురు లేకపోయింది.)

అప్పుడు నేను ఎమ్మెస్ చదువుతూ యూనివర్సిటీ లైబ్రరీలో ప్రొజెక్టర్ తిప్పేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నాలు డాక్టరు గారింట్లో అందరం తలా ఒక వంట తెచ్చుకుని భోంచేసేవాళ్ళం. (నా వంతు ఆకలి.) ఒకసారి డాక్టరు గారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, మా చిట్టి వారం రోజులుగా నోరు విప్పడం లేదు. పక్కింటి ఫ్రెండ్ వాళ్ళు కాలిఫోర్నియా మూవ్ అయిపోయారు. స్కూల్లో కూడా మాట్లాడటం లేదని టీచర్ కాల్ చేసింది. పిల్లల సినిమా ఏదైనా పట్టుకురా." చిట్టి వాళ్ళమ్మాయి, ఏడేళ్ళది. నేను గుమ్మంలో అడుగుపెడితే చాలు, "అంకుల్ హంగ్రీ" అని లోపలికి కేకేసే పిల్ల. అది మూగబోయిందంటే నాకూ బెంగ పట్టుకుంది.

లైబ్రరీలో పాత ఫ్రెంచి పొట్టి సినిమాల అర ఒకటుండేది. అన్నీ నలుపు తెలుపు, అన్నింట్లోనూ ఒంటరి పిల్లవాడు, వాడికో వింత నేస్తం, బోలెడు గాలి. ఆ అర అంతా గాలించి, పసి మనసులను కాచి వడబోసి, ఒక రీలు ఎంచుకున్నాను. (అబద్ధం. రీలు డబ్బా మూత మీద గాడిద బొమ్మ చూసి కామెడీ అనుకున్నాను. కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఏదో ఉంది, చదవలేదు.)

డాక్టరు గారి బేస్‌మెంట్‌లో గోడకి దుప్పటి కట్టాం. చిట్టి ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. సినిమాలో ఒక అబ్బాయి, పొరుగువాళ్ళ గాడిద. కలిసి కొండెక్కుతారు, వానలో తడుస్తారు. నేను ఫ్రెంచి పండితుణ్ణి కదా, ప్రతి మాటకీ తెలుగు చెప్పాను. "ఒరేయ్, నాకు నిన్నటి పెసరట్టు ఇంకా అరగలేదు, నెమ్మదిగా ఎక్కు" అని గాడిద అందని చెప్పాను. గాడిద ఆ అబ్బాయి బడి మాస్టారి టోపీ నమిలినప్పుడు పెద్దవాళ్ళు కూడా పడీ పడీ నవ్వారు. చిట్టి నవ్వలేదు. ఇంతలో ఆ పొరుగువాళ్ళు ఊరు మారిపోయారు, గాడిదను తోలుకుని. కొండ దారిలో అది చిన్నదై, చుక్కయి, మాయమైంది. అబ్బాయి గోడ మీద కూర్చుని చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి మా ఆదివారం భోజనాల ఇంజనీరు గారొకాయన, తెనాలి నేల టికెట్టు అలవాటు కొద్దీ, ఈల వేసి "టోపీ సీను వన్స్ మోర్" అన్నారు. నేనూ ఆ హాళ్ళలో పెరిగినవాణ్ణే. వన్స్ మోర్ అన్నాక వెయ్యకపోతే ఆపరేటరు పరువేం కాను? చెయ్యి దానంతటదే మీట వెనక్కి తిప్పింది. రీలు వెనక్కి చుట్టేటప్పుడు ప్రొజెక్టర్ దీపం ఆర్పాలి, మరిచాను. చుక్క గాడిద అయింది. తోక ముందు, మొహం వెనక, కొండ దారిలో తప్పటడుగులు లేకుండా వెనక్కి నడుచుకుంటూ అబ్బాయి దగ్గరికి వచ్చేసింది.

"ఇట్ కేమ్ బ్యాక్" అంది చిట్టి. వారం తరవాత మొదటి మాట. "అంకుల్, వెనక్కి ఎందుకు నడుస్తోంది?"

"దారి తప్పకుండా, వెళ్ళిన అడుగుల మీదే వస్తోందమ్మా."

"మరి మా ఫ్రెండ్ వాళ్ళ కార్ కూడా అలా వస్తుందా?"

నేను తడుముకోకుండా, "కార్‌కి అంత తెలివి లేదు తల్లీ. నువ్వు ఉత్తరం రాస్తే మాత్రం జవాబు వస్తుంది" అన్నాను. నలభై ఏళ్ళుగా ఇలాగే చెప్పుకుంటున్నాను. నిజానికి ఆ మాటన్నది వాళ్ళమ్మ, డాక్టరు గారి భార్య. నేను వెనక్కి తిప్పడంతో చిక్కుపడ్డ రీలులో మోచేతుల దాకా కూరుకుపోయి ఉన్నాను. చిట్టి ఆ సాయంత్రమే ఉత్తరం రాసింది, పైన గాడిద బొమ్మ వేసి.

మొన్న ఫ్రిస్కోలో చిట్టి ఇంటికి వెళ్ళాను. స్కూల్లో ఫ్రెంచి నేర్చుకుంటున్న దాని కూతురికి నన్ను చూపించి, "ఈ తాతగారికి ఫ్రెంచ్ సూపర్‌గా వచ్చు" అంది. ఆ పిల్ల గడగడా ఏదో అడిగేసింది. ఇక దాచి లాభం లేదని అంతా ఒప్పేసుకున్నాను.

"నాకు అప్పుడే తెలుసు అంకుల్" అంది చిట్టి తాపీగా. "డబ్బా మూత మీద స్టోరీ అంతా ఇంగ్లీష్‌లో ఉంది. డాంకీ వెళ్ళిపోతుందని ముందే చదివేశాను."

"మరి నా కథ ఎందుకు విన్నావే?"

"మీ కథలో వెళ్ళదేమో అని."

చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, నాకు వచ్చిన ఫ్రెంచి అంతా దానికి అప్పజెప్పడం మొదలుపెట్టాను. ఏడు దగ్గర అదే అందించింది.