బోర్డు మీద మిగిలిన ఒక్క వరస

మా ఊరి లైబ్రరీలో ఫ్యాన్లన్నీ ఎవరో ఒకరి జ్ఞాపకార్థమే తిరుగుతాయి. ఒక రెక్క మీద ఇంటిపేరు, ఒక రెక్క మీద అసలు పేరు, మూడో రెక్క మీద ఊరు. రాసింది నేనే. ఫ్యాను ఆగితే గానీ దాత ఎవరో తెలియదు, అంటే కరెంటు పోతే గానీ ఆయన పుణ్యం కనబడదు. కుర్చీల వీపుల మీద, బల్లల అంచుల మీద, గోడ గడియారం అడుగున, మంచినీళ్ళ డ్రమ్ము మీద, అన్నీ నా రాతలే. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, ఆ గదిలో అందరి పేర్లూ రాశాను. నా పేరు ఎక్కడా లేదు. రాసినవాడి పేరు మూలన చిన్నగా వేసుకోవచ్చు కదా అంటారు కొందరు. పోయినవాళ్ళ పేరు కింద నా పేరు వేసుకుంటే నేనూ పోయాననుకోరూ?

ఇదంతా నన్ను పెద్దగా బాధపెట్టేది కాదు, ఏడో తరగతిలో నా పక్కన కూర్చున్నవాడు లైబ్రరీ మెట్లెక్కేదాకా.

లెక్కల పరీక్షలో నా కాయితం చూసి రాసేవాడు వాడు. నేను తప్పు చేస్తే వాడికీ అదే తప్పు. తర్వాత వాడి పొలాలు చెరువులయ్యాయి, చెరువుల్లో రొయ్యలు పడ్డాయి, ఇప్పుడు ఇంకో ఇద్దరితో కలిసి రొయ్యల మేత కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ తరఫున లైబ్రరీకి ఏసీ హాలు, కంప్యూటర్లు, కొత్త బల్లలు, కుర్చీలు ఇస్తామన్నారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ పూట ఇంట్లో రొయ్యల ఇగురు. ఒక్కోదాన్ని చూస్తే వాడి మొహమే.

ఒప్పందం మాట్లాడుకునే రోజు నేనూ అక్కడే ఉన్నాను, బోర్డు పనేదో ఉందని లైబ్రేరియన్ మేడంగారు రమ్మంటే వెళ్ళి. వాడు ఫ్లెక్సీ నమూనా తెచ్చి బల్ల మీద పరిచాడు. కంపెనీ పేరు ఏనుగంత, లైబ్రరీ పేరు దాని తోకంత, మధ్యలో మీసాలు తిప్పుకుంటూ ఒక రొయ్య.

"లైబ్రరీ పేరు పైన పెద్దగా ఉండాలండి. మీ పేరు కింద, దాంట్లో సగం సైజులో. రొయ్య వద్దు," అన్నారు మేడంగారు.

"రొయ్యల మేత అమ్మేవాళ్ళమండి. నెమలి బొమ్మ వేసుకోమంటారా?"

"ఏ బొమ్మా వద్దు. ఏ పుస్తకాలు కొనాలన్నది మేం చూసుకుంటాం. హాల్లో మీ మేత బస్తాల ప్రచారం ఉండకూడదు. ఇవన్నీ ఒప్పందంలో రాస్తాను, జిల్లా ఆఫీసు కూడా చూస్తుంది."

వాడు నా వైపు చూశాడు. నేను గోడ గడియారం వైపు చూశాను, లోపల మాత్రం ముచ్చటగా ఉంది.

మేడంగారు ఇంకో షరతు పెట్టారు. పాత బల్లలు, ఫ్యాన్లు తీసేస్తే వాటి మీదున్న పేర్లు కూడా పోతాయి. అందుకని పాత దాతలందరి పేర్లూ ఒక చెక్క బోర్డు మీద రాయించి గుమ్మం పక్కన పెట్టాలి. ఫ్లెక్సీలొచ్చాక నా కుంచెకి అంత పెద్ద పని తగల్లేదు. విరాళాల రిజిస్టర్ చూసి సుద్ద దారంతో గీతలు కొట్టుకుని పేర్లన్నీ రాశాను. అన్నీ పట్టాక అడుగున ఒక్క వరస మిగిలింది.

"ఒక వరస ఖాళీగా ఉందండి. పన్ను ఊడిన నోరులా ఉంటుందేమో," అన్నాను మేడంగారితో.

ఆవిడ నవ్వారు. "మీ పేరు రాసుకుంటారా? ఊరికే కుదరదు మరి. ఈ బోర్డు రాసిన కూలి లైబ్రరీకి ఇచ్చేస్తున్నానని ఉత్తరం రాసివ్వండి. సోమవారం కమిటీ ఉంది. ఈలోగా పాత దాతలెవరైనా తేలకపోతే ఆ వరస మీదే."

ఆ ఉత్తరాన్ని పెళ్ళి శుభలేఖలా రాసి ఇచ్చాను.

శనివారం సాయంత్రం బోర్డుకి అంచు రంగు వేస్తుంటే వాడొచ్చాడు.

"ఏరా, బాగా రాశావే."

"మీ దయండి."

"నాతో అండి ఏంట్రా?"

"కంపెనీ వారు కదండి."

వాడు పై నుంచి కింద దాకా వేలు పెట్టి చదివాడు. "మా అమ్మ పేరు లేదేంట్రా?"

"రిజిస్టర్లో లేదు. అయినా బయట మీ కంపెనీ పేరు అంతుంటుంది, చాలదూ?"

"అది ముగ్గురిది. అందులో మా అమ్మ ఎక్కడుంది? లోపల పుస్తకాలు పెట్టే ఆ ఇనప బీరువా ఆవిడ ఇచ్చిందే. మేడంగారినడిగితే కాయితం లేదు, బీరువా మీద పేరూ లేదు, చూసినవాళ్ళెవరైనా రాసి సంతకం పెడితే కమిటీలో పెడతానన్నారు. అప్పటివాళ్ళంతా పోయారు కదరా. నీకేమన్నా గుర్తుందా?"

"ఎప్పటి మాటండీ అది," అన్నాను, కుంచె కడుక్కుంటూ.

గుర్తులేకపోవడమేంటి. ట్రాక్టర్ మీదొచ్చింది ఆ బీరువా. నేను కుంచె పట్టిన కొత్త. విరాళం ఇస్తున్నట్టు ఉత్తరం రాసివ్వమని అప్పటి లైబ్రేరియన్ గారంటే, "నాకు రాత రాదండి, బీరువా మీద పేరు రాయించండి, అదే కాయితం," అంది ఆవిడ. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఏమిచ్చినా మొగుడి పేరో మావగారి పేరో రాయించేవారు. ఆవిడ నా దగ్గరకొచ్చి, "మావారి పేరు కాదు బాబూ, నా పేరే రాయి," అంది. తెల్ల రంగు అయిపోయిందమ్మా, రేపొచ్చి రాస్తానన్నాను. మర్నాడు ఎన్నికల గోడరాతల పని దొరికింది. ఇక వెళ్ళలేదు. తర్వాత బజారులో ఎప్పుడు కనబడ్డా, "నీ రేపు ఇంకా రాలేదా బాబూ," అని నవ్వేది. ఆవిడ పోయేదాకా రాలేదు అది.

ఆదివారమంతా నాతో నేనే దెబ్బలాడుకున్నాను. ఏసీ వాడిదే, కంప్యూటర్లు వాడివే, ప్రారంభం రోజు శాలువా వాడికే. నాకున్నది ఒక్క వరస. అదీ వాళ్ళింటికే పోవాలా? నేను నోరు మూసుకుంటే చాలు, ఇంకెవరికీ తెలియదు. భోజనం దగ్గర మా ఆవిడ, "ఎవర్ని తిట్టుకుంటున్నారు?" అంది. "ఏడో తరగతిని," అన్నాను.

సోమవారం కమిటీ కూర్చునేలోపు వెళ్ళి నా ఉత్తరం వెనక్కి అడిగాను. దాన్ని తిరగేసి, వెనక వైపు, బీరువా ఎవరిచ్చారో, పేరు ఎందుకు పడలేదో, తప్పు ఎవరిదో రాసి సంతకం పెట్టాను. ఈసారి అక్షరాలు శుభలేఖలా లేవు, మందుల చీటీలా ఉన్నాయి.

మేడంగారు రెండు వైపులా చదివారు. "మరి మీ పేరు?"

"బోర్డు ఇంకో జానెడు పొడుగు చేయించాల్సిందండి," అన్నాను.

కమిటీ ఒప్పుకుంది. ఆ సాయంత్రమే రాశాను. వాడు నా వెనకే నిలబడి, ఒక్కో అక్షరం పూర్తవుతుంటే పైకి చదివాడు, బళ్ళో పిల్లాడిలా. మా అమ్మ పేరు అలా ఎవరైనా పైకి చదవగా నేనింతవరకూ వినలేదు. అది తలుచుకుంటే కుళ్ళు ఇంకాస్త పెరిగింది.

"తడారలేదు, ముట్టుకోకు," అన్నాను. వినలేదు. చివరి అక్షరం మీద వేలు పెట్టేశాడు, ముద్ర పడింది.

నా బోర్డు మీద కూడా వీడి వేలే పడాలా అని లోపల తిట్టుకుంటూ, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి ఆ అక్షరం మళ్ళీ రాశాను.