శుక్రవారం తుడవకూడని కుంకుమ

మా నాయన కారుకున్నన్ని జబ్బులు ఎమ్మిగనూరులో ఏ మనిషికీ లేవు. అయినా దాన్ని ఎవరైనా డొక్కు అంటే ఆయనకు మండిపోతుంది. ఇంట్లో ఎవరికైనా దగ్గొస్తే నాలుగు రోజులు చూద్దామంటాడు. ఇంజను తుమ్మిందంటే మాత్రం లుంగీ ఎగ్గట్టి వెంటనే బానెట్ ఎత్తేస్తాడు.

మొన్న దసరా అయిన వారంలో, శుక్రవారం పొద్దున, అమ్మను కంటి ఆపరేషన్‌కు ఆదోని తీసుకుపోవాలి. పోయినసారి షుగరు ఎక్కువుందని వెనక్కి పంపేశారు. ఈసారి ఆమె నోరు కట్టుకుని, పండగ ఓళిగలు కూడా ముట్టకుండా షుగరు దించుకుంది. పది గంటలకల్లా ఆసుపత్రిలో లేకపోతే మళ్లీ ఎప్పుడు రమ్మంటారో తెలియదు. సంచీ సర్దుకుని అరుగు మీద కూర్చుంది. బండి స్టార్టయింది గానీ మిస్సింగ్ కొట్టింది. ఎక్కిళ్లు పెడుతూ వీధి మలుపు దాకా పోయి ఆగింది. వెనక్కి తోసుకుని వచ్చాం.

“బస్సుకు పోతాంలే,” అంది అమ్మ.

“సొంత బండి పెట్టుకోని బస్సెక్కితే నలుగురు ఏమంటారు?” అన్నాడు నాయన.

ఆ నలుగురూ అప్పటికే మా వాకిట్లో ఉన్నారు. ఒకాయన పెట్రోలు కల్తీ అన్నాడు, ఇంకొకాయన దిష్టి అన్నాడు. తోసేటప్పుడు మాత్రం అందరికీ నడుం నొప్పే.

నాయన దోస్తు, పాత బండ్ల మెకానిక్, వచ్చాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి ఆక్సిలరేటర్ తొక్కిపెట్టమన్నాడు. ఇంజను నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూశాడు. మండే ప్లగ్గు వైరు పీకితే ఇంజను కుంగాలి. ఆయన చెయ్యి పెట్టకముందే నాయన “మూడోది” అన్నాడు. నిజమే, మూడో వైరు పీకితే ఏ మార్పూ లేదు.

“వీధి చివర నిలబడి విన్నా సెప్తాను, ఏ ప్లగ్గు మండలేదో,” అని నాయన మీసం దువ్వుకున్నాడు. అంత చెవి ఉన్న మనిషి బాగు కూడా చేసుకోవచ్చు కదా.

ప్లగ్గు మార్చారు, వైరు మార్చారు. అయినా మూడోది మొండికేసింది. చివరికి మెకానిక్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. లోపలంతా కుంకుమ. రాత్రి వాన చెమ్మకు నాని, మూడో పాయింటు దగ్గర కారి, కరెంటును పక్కదారి పట్టిస్తోంది.

“ఈడ ఎవరు పెట్టినారన్నా?”

“నేనే. ఆయుధ పూజకు. కరెంటు పంచే చోటు కదప్పా.”

ఊరంతా బానెట్ మీద బొట్టు పెట్టి ఊరుకుంటుంది. మా నాయన భక్తి మూత క్లిప్పులు విప్పి లోపలికి దూరింది.

మెకానిక్ పెట్రోలు గుడ్డ అందుకోబోతే నాయన చెయ్యి పట్టుకున్నాడు. “శుక్రవారం పూట పూజ కుంకుమ తుడుస్తారా ఎవరైనా? రేపు తుడుద్దాం.”

“మరి అమ్మ కన్ను?” అన్నాను. నాకు ఒళ్లు మండింది.

“కన్ను యాడికి పోతాది పాపా? సోమవారం పోతాంలే.”

మెకానిక్ గుడ్డ పక్కన పెట్టేశాడు. శుక్రవారం పాపం ఆయనకెందుకు?

అప్పుడు అమ్మ అరుగు దిగి వచ్చింది. మా ఇంట్లో శుక్రవారాలన్నీ ఆమెవే. గడప కడిగేదీ, ఒక్కపొద్దు ఉండేదీ ఆమె. నాయన ప్రసాదం దగ్గర కనిపిస్తాడు.

“ఇట్లియ్యి. శుక్రవారం సంగతి నేను సూసుకుంటాను,” అని మెకానిక్ చేతిలోంచి మూత తీసుకుని కొంగుతో తుడవసాగింది. గట్టిగా, శ్రద్ధగా, దేవుడి సామాన్లు తోమినట్టే తుడిచింది. కానీ ఆమె తుడుస్తున్నది మూత పైభాగం. అది నల్లగా, శుభ్రంగానే ఉంది. ఎర్రటి కుంకుమ లోపలివైపు అట్లాగే ఉంది.



“పోయిందా?” అని నాయనను అడిగింది.

ఆయన మూత చూశాడు, ఆమె ముఖం చూశాడు.

“పోయిందిలే,” అన్నాడు, ఆమె చేతిలోంచి దాన్ని తీసుకుంటూ. తర్వాత అటు తిరిగి, భుజం మీది టవల్‌తో లోపల తుడవడం మొదలుపెట్టాడు.