మూటలు లెక్కపెట్టిన రోజు

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. మా ఊరు చండ్రుగొండలో ఎవరైనా అడిగితే "ఇల్లు లేనోళ్లకు ఇల్లు ఇప్పిస్తదంట" అని చెబుతుంది. వెంటనే "అది మాత్రం ఇంట్ల ఉండదు" అని కలుపుతుంది. రెండోది నిజం. మొదటిదే కొంచెం అబద్ధం. ఇల్లు ఇప్పించడం నా చేతిలో ఉంటే ఇంకేం కావాలి! నేను చేసేదల్లా దరఖాస్తులు రాయడం, ఆఫీసుల ముందు నిలబడటం, దవాఖానాలో చీటీ రాయించడం, ఆధార్ కార్డు లేనివాళ్లకు అది తెప్పించడం. సోమవారం ఖమ్మంలో మీటింగు, మంగళవారం కొత్తగూడెం, మిగతా వారమంతా భద్రాచలం. బస్సు పాల్వంచ దాటి అడవిలో పడ్డాక ఫోన్‌కు సిగ్నల్ పోతుంది. నేను హాయిగా నిద్రపోయేది ఆ కాసేపే.

భద్రాచలంలో కరకట్టకు నది వైపున ఒక రాతి మండపం కింద పదకొండు మంది ఉండేవాళ్లు. షెల్టర్‌కు రమ్మంటే వచ్చేవాళ్లు కాదు. అక్కడ మూటలు పెట్టుకోనివ్వరని వాళ్ల ఫిర్యాదు. మండపంలో మూటలకు ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే పనికో, గుడి దారిలో కూర్చోవడానికో పోయేవాళ్లు తమ మూటను ఒక అవ్వ దగ్గర పెట్టి పోవాలి. ఆమె కదలదు. ప్రతి మూటకూ ఒక్కో రంగు గుడ్డపేలిక కట్టి ఉంటుంది. మనిషి తిరిగి వచ్చి అడిగేదాకా ఆ మూటను ఇంకెవరూ ముట్టరు. ఊరు విడిచి పోయేవాళ్లు మూటతోనే పోతారు. కాబట్టి మూట ఉందంటే మనిషి ఉన్నట్టే లెక్క.

ఈ సంగతి తెలిశాక నా పని సులువైపోయింది. పగటిపూట మనుషులు దొరకరు కదా, మూటలు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకునేదాన్ని. ఖమ్మం మీటింగులో ఈ ఉపాయం చెప్పి మెప్పు కూడా కొట్టేశాను.

ఆ ఏడాది వానాకాలంలో గోదావరి రెండో ప్రమాద హెచ్చరిక దాటిన పొద్దున, ట్రాలీ ఆటో మాట్లాడుకుని మండపానికి పరుగెత్తాను. వాన పడుతూనే ఉంది. కింది మెట్లు అప్పటికే మునిగిపోయాయి. పైనున్న బడిలో పునరావాస కేంద్రం తెరిచారు గానీ, అక్కడ కూర్చున్న అధికారి ఫోన్‌లో నాతో ఒకటే మాట అంటున్నాడు. ఇల్లు మునిగినవాళ్లకే కేంద్రం, ఇంటి నంబరు లేకుండా పేరు ఎట్లా రాసుకునేది అని.

"మునగడానికి ఇల్లే లేనోళ్లు సార్ వాళ్లు! మనుషులు మునుగుతరు, సరిపోదా?" అని అరిచాను. నాకు కోపం వస్తే గొంతు మా ఊరిదే వస్తుంది. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో మూటలు ఆటోలోకి విసిరాను. మూటల అవ్వ నా కొంగు పట్టుకుని ఏదో చెప్పబోయింది. "అవ్వా, ముందు ఎక్కు, జల్దీ!" అని ఆమెనూ ఎక్కించేశాను. పదకొండు మూటలు లెక్క చూసుకున్నాను. ఆటో కదిలింది.

బడిలో ఆ అధికారితో ముఖాముఖి ఇంకో అరగంట వాదించాను. చివరికి ఆయనే విసిగి, ఇంటి నంబరు గడిలో "మండపం" అని రాసి పదకొండు పేర్లూ ఎక్కించాడు. మనిషి మంచివాడే, కాగితానికి భయపడతాడు అంతే. నా ఆనందం చూడాలి! మూటల వరుసను ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో "పదకొండు మందీ క్షేమం" అని పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసపెట్టి వచ్చాయి.

పనికి పోయినవాళ్లు వరద మాట విని ఒక్కొక్కరే బడికి చేరుకున్నారు. మధ్యాహ్నం అన్నం పెట్టేటప్పుడు పదకొండు విస్తళ్లు వేయించాను. ఒకటి మిగిలింది. అవ్వ తన విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చుంది, ముద్ద ముట్టలేదు.

"ఏంది అవ్వా, తినవేం?"

"కాక రాలే" అంది. "మూట వచ్చింది. మనిషి రాలే."

కాక అంటే బొగ్గు బావుల దగ్గర కాంట్రాక్టు పని చేసి, చెవులు సగం పోగొట్టుకున్న అరవయ్యేళ్ల మనిషి. పని ఉన్నన్నాళ్లు తల దాచుకోవడానికి రేకుల గది ఉండేదట. పనితో పాటు అదీ పోయింది. కాలికి షుగర్ పుండు. రోజు విడిచి రోజు దవాఖానాలో కట్టు కట్టించుకుంటాడు. ఆ రోజు కట్టు రోజు.

"ముందే చెప్పొద్దా అవ్వా!" అని ఆమె మీదికే లేచాను.

"చెప్పిన బిడ్డా. నువ్వు ఫోన్ల ఉన్నవ్."

పొద్దున ఆమె నా కొంగు పట్టి లాగింది అందుకే. మూట ముట్టొద్దని చెప్పడానికే. మనిషి రాకుండా మూట కదలకూడదన్న వాళ్ల కట్టుబాటును నేనే నా చేతులతో తెంపాను. అందులోనూ ఆయనకు పిలుపు వినపడదు, వేగంగా నడవలేడు, ఫోన్ లేదు. గ్రూపులో ఇంకా చప్పట్లు వస్తూనే ఉన్నాయి. ఫోన్‌ను విసిరి కొట్టాలనిపించింది.

ముందు దవాఖానాకు వెళ్లాను. కట్టు కట్టించుకుని ఎప్పుడో వెళ్లిపోయాడని నర్సమ్మ చెప్పింది. "కట్టు తడవకుండా చూస్కోమని మరీ మరీ చెప్పిన" అని కూడా అంది. అక్కడి నుంచి మండపానికి పరుగు. కరకట్ట ఎక్కి చూస్తే స్తంభాల సగం దాకా ఎర్రటి నీళ్లు. పొద్దున అవ్వ కూర్చున్న చోటు కనిపించనే లేదు. ఒక దుంగ తిరుగుతూ వచ్చి స్తంభానికి తగిలి మళ్లీ కొట్టుకుపోయింది. దాన్ని చూసి నేను గట్టిగా కేకపెట్టాను. మనిషి అనుకున్నాను.

ఆయన తిరిగొచ్చి ఉంటాడు. మూట లేదు, అవ్వ లేదు, ఎవరూ లేరు. మూటల అవ్వ కదలదని ఆయనకు గట్టి నమ్మకం. ఇక్కడే ఎక్కడో ఉంటుందని ఆ నీళ్లలోకి దిగి ఉంటే? దేవుణ్ణి తిట్టుకున్నాను, నన్ను నేను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను. సర్వే పుస్తకం సంచిలో బరువుగా అనిపించింది.

కరకట్ట మీద ఒక చివరి నుంచి ఇంకో చివరికి నడిచాను. కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాను, కాలికి తెల్ల కట్టు, మెడలో నీలం తువ్వాల ఉన్న మనిషిని చూశారా అని. కొబ్బరికాయల కొట్టు మూసేస్తున్న ఆవిడ "పోలీసోళ్ల తాడు కాడ ఒకాయన ఉన్నడు, చూడు పో" అంది.

ఉన్నాడు! జనం దిగకుండా అడ్డంగా కట్టిన తాడు పక్కన, మూసిన కొట్టు చూరు కింద, కాలికి పాలిథిన్ సంచి చుట్టుకుని కూర్చున్నాడు. పైన ఎవరో కప్పిన రెయిన్‌కోటు. చేతిలో చాయ్ గ్లాసు. కట్టు కూడా తడవలేదు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిపి వాన నీళ్లతో ముఖమంతా పాకాయి. అక్కడే బురదలో చతికిలబడ్డాను. ఆ క్షణంలో గుండెల మీంచి దిగిన బరువును ఈ జన్మలో మరిచిపోను.

ఆయన నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టాడు. తాడు దగ్గరి కానిస్టేబుల్ మాత్రం నా మీదికి వచ్చాడు.

"నువ్వేనా ఈయన బిడ్డవు? పొద్దటి సంది ఈడనే కూసున్నడు. కేంద్రానికి పంపిస్త పోవయ్యా అంటే లేవడు. నా బిడ్డ వస్తది, నన్ను తోల్కపోతది అంటడు. నీ బిడ్డ యాడుంటదయ్యా అంటే ఎరుక లేదంటడు. ఇన్ని నీళ్లొస్తుంటే కన్నతండ్రిని ఎవలన్నా గిట్ల ఇడిచిపెట్టి పోతరా?"

నేను కాక వైపు చూశాను. ఆయన మెడలోని తువ్వాల తీసి పిండుతున్నాడు. వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో తెలియదు. మామూలు రోజైతే పోలీసు ఒక మాట అంటే నేను నాలుగు అంటాను. మా ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే అది.

"తప్పయింది సార్" అన్నాను.

"తప్పయిందంటే సరిపోద్దా? చదువుకున్నట్టే ఉన్నవ్ గద. జల్దీ ఇంటికి తీస్కపో."

"అవ్ సార్" అన్నాను. రెయిన్‌కోటు మడిచి కానిస్టేబుల్‌కు తిరిగిచ్చి, కాక చంక కింద చెయ్యి వేసి లేపాను. ఆయన తన బరువంతా నా మీద వేశాడు. మెల్లగా బడి వైపు నడిచాం.