ఆయుధపూజ మింగిన పట్టిక

కంప్యూటరుకి కూడా బొట్టుపెట్టి దండ వేసే రోజులవి. ధర్మవరంలో ఒక పట్టుచీరల దుకాణంలో నాకు ఉద్యోగం. రోజూ హిందూపురం నుంచి రైల్లో వచ్చేవాణ్ణి. ఏ ఇంటి మగ్గం మీద ఏ అంచు నేస్తున్నారో ఆ వివరాలన్నీ డేటాబేసులోకి ఎక్కించింది నేనే (ఆ గర్వంతో పెనుకొండ స్టేషన్లో ఎక్కినవాళ్ళు సీట్లో కాస్త జరగమన్నా జరిగేవాణ్ణి కాదు).

అలాంటిది, ఆయుధపూజ మర్నాడు వచ్చి చూద్దును కదా, ‘మగ్గాలు’ అనే పట్టిక లేనే లేదంటుంది డేటాబేసు. ఉన్న పట్టికలన్నీ చూపించమంటే మాత్రం అందులో దర్జాగా కనిపిస్తుంది. పేరు పెట్టి పిలిస్తే మళ్ళీ లేదంటుంది. ఇంత పచ్చి అబద్ధం నేను మనుషుల దగ్గర కూడా వినలేదు.

"నువ్వే ఏందో చెరిపేసినావప్పా. సాయంత్రానికి తెచ్చిపెట్టు, లేకుంటే రేపట్నుంచి రావాకు" అన్నాడు దుకాణం యజమాని, మా సాహుకారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు నెలలు కూర్చుని ఎక్కించినదాన్ని నేనే చెరుపుకుంటానా? (కొడుక్కి కంప్యూటరు ఉద్యోగమని మా నాయన వీధంతా చెప్పేసి ఉన్నాడు. ఆ వీధిలో ఏ ముఖంతో నడవాలి?)

మధ్యాహ్నం దాకా పళ్ళు నూరుతూ కూర్చున్నాను. చీరలు సర్దే సాయబును మేం బీరువా తాత అనేవాళ్ళం. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, "ఏమప్పా, యాడ పోయిందంట?" అన్నాడు. విసుక్కుంటూనే చెప్పాను. "ఏ చీర ఏ అరలో ఉందో రాసిన చీటీ చూసి ఎతుకుతాండావా, బీరువా తెరిచి చూసినావా? చీటీ తప్పైతే చీర లేదనుకోము గదా. అరలన్నీ వరసగా చూస్తాము" అన్నాడు.

అప్పుడు వెలిగింది. ఏ పట్టిక ఎక్కడుందో డేటాబేసు తన కోసం ఒక జాబితా రాసుకుంటుంది. అందులో త్వరగా వెతకడానికి ఇండెక్సు ఉంటుంది. జాబితా బాగానే ఉంది, చెడింది ఇండెక్సు. నడుస్తుండగా ఉన్నట్టుండి కరెంటు పోతే ఇలాగే చెడుతుంది. ఇంకెవరూ తాకకుండా డేటాబేసును నేనొక్కణ్ణే తెరిచి, ఆ ఇండెక్సును నమ్మవద్దని చెప్పి, మళ్ళీ అడిగాను. ‘మగ్గాలు’ బుద్ధిగా వచ్చి నిలబడింది. ముందు అన్నిటికీ నకలు తీసుకుని, ఇండెక్సును కొత్తగా కట్టాను.

ఇక నా వీరంగం చూడాలి. "నడుస్తున్న కంప్యూటరుకి పూజ పేరుతో కరెంటు తీసిన మహానుభావుడెవరు?" అని దుకాణమంతా దద్దరిల్లేలా అడిగాను. పూజ చేయించింది తనే కాబట్టి సాహుకారు లెక్కల పుస్తకంలోకి తల దించేశాడు. బీరువా తాత మాత్రం నా పక్కకొచ్చి, నా ఒక్కడికే వినబడేట్టు అన్నాడు: "నువ్వే గదప్పా. పూజకి యంత్రాలు ఆపల్ల అంటిమి. బండికి టైమైందని మెయిన్ స్విచ్చి దించేసి పరిగెత్తితివి."

ఆ మాట ఆయన సాహుకారుకి ఎప్పుడూ చెప్పలేదు. నేనైతే ఇప్పుడే చెప్పడం. ఈరోజుల్లో మా ఆఫీసులో కుర్రవాళ్ళెవరైనా "సార్, నేనేం ముట్టుకోలేదు" అని మండిపడితే నాకు నవ్వొస్తుంది. టీ తెప్పిస్తాను. స్విచ్చి ఎవరు దించారని అడగను, బీరువా తెరిచి చూశావా అని అడుగుతాను.