హరిబాబు ఒప్పుకున్నాడు

రోజూ ఉదయం తొమ్మిదింటికి హరిబాబు గుమ్మంలో కుర్చీ వేసుకుని, లోపలికొచ్చే విద్యార్థుల ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు బుట్టలో వేయించుకుంటాడు. జగదల్‌పుర్‌లోని అతని కంప్యూటర్ సెంటర్‌లో ఎవరు ఏ ప్రోగ్రాం రాసినా అక్కడే ఉండిపోతుంది. ఆ ప్రోగ్రాంలను తన పేరుతో దుకాణాలకు అమ్ముకుంటాడు. ఎవరైనా అడిగితే చిటికెనవేలు చెవిలో తిప్పుకుంటూ మెత్తగా చెబుతాడు: "మీరు రాసిందాన్ని నడిచే ఫైలుగ మార్చే కంపైలర్ ముఫ్త్‌గ వచ్చింది గదా. దానితోని చేసింది నీదెట్లయితది? అందరిది."

మొన్న కోంటా ఊరి అమ్మాయి సుధామణి, తండ్రి నడిపే లారీల తూకం కాంటా కోసం తాను రాసిన ప్రోగ్రాం ఇమ్మంది. కంపైలర్ వాడకం షరతులున్న లైసెన్సును కాగితం మీద ముద్రించి తెచ్చింది.

"సార్, ఈ షరతులన్నీ కంపైలర్‌కే. మనం రాసుకున్న ప్రోగ్రాం మనదే. చదవండి."

హరిబాబు కళ్లజోడు పెట్టుకుని ఆసాంతం చదివాడు.

"నిజమే. నీదే. తీస్కపో."

కంపైలర్ తయారుచేసిన ఫైలొక్కటే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. అది నడుస్తుంది. కాని బరువు క్వింటాలు ఎక్కువ చూపే తప్పు ఇంకా అందులోనే ఉంది. రాసిన వరుసలు లేకుండా దాన్ని దిద్దడం కుదరదు.

"మరి నేను రాసింది, సార్?"

"నీ సొత్తు నా మిషన్ల ఎందుకు బిడ్డా? రేపు కేసైతది."

ఆమె చూస్తుండగానే ఫోల్డరు చెరిపేశాడు. నాలుగు నెలల్లో ఆమె రాసినవి పదకొండు వందల వరుసలు.