కోటగట్టు దగ్గర దగ్గు

ఉక్కు ఫ్యాక్టరీకి తీసుకున్న పొలాలు కొలిచే రోజుల్లో నాకు సర్వే గొలుసు లాగిన మనిషి ఆయన. ఖాళీ చేయాల్సిన ఆ ఊరివాడే. ఊరి వెనక పాత మట్టికోట ఒకటి ఉండేది. కోటంటే గోడలేం లేవు. తాటిచెట్టులో సగం ఎత్తున గుండ్రంగా తిరిగిన మట్టిగట్టు, ఒకచోట బండి పట్టేంత సందు, లోపల తుప్పలు. ఎవరు పోశారో ఎవరికీ తెలియదు.

సందు దగ్గరకు రాగానే ఆయన గొలుసు కింద పెట్టి, పరాయి ఇంటి గుమ్మంలో మగవాళ్లు దగ్గినట్టు దగ్గేవాడు. కాస్త ఆగి, తల ఊపి, అప్పుడు లోపలికి అడుగు పెట్టేవాడు.

కృష్ణాజిల్లా నుంచి కొత్తగా వచ్చిన నాకు నవ్వొచ్చింది. "ఎవరున్నారయ్యా లోపల?" అన్నాను.

"ఎవులైతేనేటి బాబూ? ఆల్లు సర్దుకోవాల కదా," అన్నాడు.

గట్టు చదును చేయడానికి బుల్డోజర్ వచ్చిన ఉదయం కూడా దగ్గాడు. ఆగాడు. మళ్లీ దగ్గాడు. తల ఊపలేదు. సందు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేశాడు.

"ఏమైంది?"

"రోజూ లోపల్నుంచి తిరిగి దగ్గీవోరు బాబూ. ఈయేల పలకనేదు. బయటికొచ్చీసినారు."

"వస్తే?"

"మా ఊరోల్లకే ఎక్కడికెల్లాలో తెల్దు. ఆల్లెక్కడికెల్తారు? ఇక్కడే తిరుగుతారు."

తర్వాత ఆ గట్టు ఉన్న చోటే కాలనీ కట్టి, నాకు క్వార్టర్ ఇచ్చారు. తాళం తీసేముందు నేనూ దగ్గుతాను. దగ్గి, ఒక్క క్షణం కూడా ఆగకుండా తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోతాను. ఆగితే వినిపిస్తుందేమోనని.